నీలం పైన, ఎరుపు కింద

ఆమె అసలు పేరు లూజ్‌విమిండా. ఫిలిప్పీన్స్ దేశమంతా దీవులే. లూజాన్, విసాయాస్, మిండనావ్ అని వాటిని మూడు గుంపులుగా చెప్పుకుంటారు. ఆ మూడు పేర్ల మొదటి ముక్కలు కలిపి ఆడపిల్లలకు పేరు పెట్టుకోవడం అక్కడ ఉన్నదే. ఆమె తండ్రి పనాయ్ దీవిలో జనాన్ని ఎక్కించుకుని జీపు తోలేవాడు. సొంత ఊరు దాటి ఎప్పుడూ పెద్దగా పోనివాడు, కూతుర్ని పిలిచినప్పుడల్లా దేశం మొత్తాన్ని పిలిచినట్టు ఉంటుందని ఆ పేరు పెట్టాడు.

ఆ పేరు పల్నాడుకు వచ్చి చిక్కుల్లో పడింది. రెంటచింతల నుంచి మాచర్ల పోయే రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఊరికి కోడలిగా వచ్చిన రోజున, భర్త కోటేశ్వర్ తన తల్లి వెంకమ్మకు ఆమెను చూపించి, "లూజ్ అని పిలువమ్మా, అలవాటైపోద్ది," అన్నాడు.

వెంకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "బంగారం లాంటి పిల్లను పట్టుకుని లూజు అంటే ఊరు నవ్వదంట్రా?"

"పోనీ చివర ముక్కతో మిండా అని..."

"నోరు ముయ్యి," అంది వెంకమ్మ.

చివరికి నడిమి అక్షరం ఒక్కటే మిగిలింది. దాన్ని పట్టుకుని వెంకమ్మే విమల అని పెట్టింది. ఆ పూటే ఇంకొకటి జరిగింది. పెద్దవాళ్ళ చెయ్యి అందుకుని తన నుదుటికి తాకించుకోవడం ఫిలిప్పీన్స్‌లో దండం పెట్టడం. లూజ్‌విమిండా వంగి అత్త చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. వెంకమ్మ ఆ చెయ్యి అక్కడే ఉంచి, ఇటు అటు తిప్పి చూసి, "ఒరేయ్, పిల్లకు జొరం ఏమీ లేదురా, ప్రయాణం చేసొచ్చింది గదా, అలసట," అంది.

వాళ్ళిద్దరూ కలిసింది దోహాలో. అతను ట్రైలర్ డ్రైవరు, ఆమె లాండ్రీ దుకాణంలో ఇస్త్రీ చేసేది. కోటేశ్వర్ బట్టలకంటే ఎక్కువసార్లు దుకాణానికి వస్తున్నాడని పక్క అమ్మాయిలు నవ్వేవాళ్ళు. పెళ్ళయ్యాక అతను గల్ఫ్ మానేసి సొంతూరికి వచ్చి లారీ ఎక్కాడు. మాచర్ల నాపరాళ్ళు తమిళనాడుకు తోలతాడు. వెళ్తే వారం, పది రోజులు. ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది, ఆదివారం పూట బస్సెక్కి రెంటచింతల చర్చికి వెళ్ళొస్తుంది. వెంకమ్మ తన దేవుళ్ళను తను కొలుచుకుంటుంది, కోడలి సంగతిలో జోక్యం చేసుకోదు. చింతపండు పులుసు విషయంలో మాత్రం ఇద్దరికీ మొదటి రోజు నుంచీ ఒకే మాట. పులుపు చాలలేదంటే చాలలేదు.

ఆమెకు తెలుగు బాగానే వచ్చింది. అయినా ఉలిక్కిపడితే మాత్రం "అయ్ నకో!" అని వాళ్ళ మాటే వస్తుంది. మొదట్లో వెంకమ్మకు అది 'నాకో' అని వినపడి, "నీకేం గావాల్నో చెప్పు, ఇస్తా గదా," అనేది.

ఎనిమిదేళ్ళలో అన్నీ కుదురుకున్నట్టే ఉన్నా, ఒక భయం మాత్రం ఆమెను వదల్లేదు. ఆమె ఈ దేశపు మనిషి కాదు. వీసా పొడిగించుకోవాల్సి వచ్చినప్పుడల్లా పోలీసులు ఇంటికి వచ్చి విచారించి పోతారు. వచ్చే మనిషి మర్యాదగానే ఉంటాడు, టీ తాగుతాడు, వెళ్తాడు. కానీ ఆ నాలుగు రోజులూ ఆమెకు అన్నం సహించదు. "మన పేరు స్టేషన్లో వినపడగూడదు. అంతే, ఇంకేం భయం లేదు," అని కోటేశ్వర్ ఎన్నోసార్లు చెప్పాడు. ఆ మాట ధైర్యానికి చెప్పాడు గానీ ఆమెకు అదే కొత్త భయమైంది. వీధిలో ఎవరు గట్టిగా అరుచుకున్నా ముందు తన గేటు గడియ చూసుకునేది.

వాళ్ళకు ఒక్కతే కూతురు, సుష్మిత. ఎప్పుడో మనీలాలో జరిగిన పోటీలో విశ్వసుందరి కిరీటం గెలిచిన ఇండియా అమ్మాయి పేరని ఆమె ఇష్టపడింది, పలకడానికి బాగుందని వెంకమ్మ ఒప్పుకుంది. పిల్లకు తల్లి కళ్ళు, తల్లి ముక్కు వచ్చాయి. బళ్ళో పిల్లలు నేపాలీ అనేవాళ్ళు, కొందరు చైనా అనేవాళ్ళు. సుష్మిత ఇంటికొచ్చి ఏడ్చేది కాదు. అందుకే తల్లికి చాలా రోజులు తెలియలేదు.

వేసవి సెలవులిచ్చే ముందు బడికి వెళ్తే, అక్కడి టీచరమ్మ నవ్వుతూ పలకరించింది. "మీది హైదరాబాద్ అటగదండీ? మీ పాప చెప్పింది."

దారిలో బస్సులో ఆమె కూతుర్ని అడిగింది. "ఎందుకు చెప్పావు?"

"ఫిలిప్పీన్స్ అంటే ఎవురికీ తెలవదమ్మా. హైదరాబాద్ అయితే అందరికీ తెలుసు."

పిల్ల అబద్ధం ఆడిందన్న కోపం రాలేదు ఆమెకు. దిగులు వేసింది. తండ్రి తనకు దేశాన్నంతా పేరుగా పెడితే, తన కూతురికి ఆ దేశం దాచుకోవాల్సిన వస్తువైంది. తప్పు తనదేనేమో. పల్నాడు కోడలిగా ఒదిగిపోవాలన్న తొందరలో తను కూడా దాన్ని పెట్టెలో పెట్టి మూతేసింది.

ఆ సెలవుల్లోనే మాచర్ల వెళ్ళి బట్ట కొనుక్కొచ్చింది. నీలం, ఎరుపు, తెలుపు, పసుపు. జాకెట్లు కుట్టే మిషను మీదే జెండా కుట్టింది. పైన నీలం పట్టీ, కింద ఎరుపు పట్టీ, కర్ర వైపున తెల్లటి ముక్కోణం. ముక్కోణం నడుమ ఎనిమిది కిరణాల పసుపు సూర్యుడు, మూలకొకటి చొప్పున మూడు నక్షత్రాలు. సుష్మిత పక్కనే కూర్చుని కిరణాలు కత్తిరించి ఇచ్చింది. జూన్ పన్నెండు వాళ్ళ స్వాతంత్ర్య దినం. బడి తెరిచేలోపు పిల్ల ఆ జెండాను గాలిలో ఎగరగా చూడాలి. ఆమె అనుకున్నది అంతే.

కానీ ఆ ఏడు జూన్ అన్ని జూన్‌ల లాంటిది కాదు. ఎన్నికలైపోయి, ఫలితాలు వచ్చి వారమైంది. పోలింగు నాటి నుంచే ఊళ్ళో గొడవలు. నలుగురికి మించి గుంపుగా నిలబడకూడదని ఆంక్ష పెట్టారు. రామాలయం దగ్గర పోలీసు పికెట్ వేశారు. వీధిలో రెండు ఇళ్ళకు తాళాలు పడ్డాయి, ఆ ఇళ్ళవాళ్ళు ఎక్కడికి పోయారో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. పార్టీ రంగు తువ్వాలు వేసుకోవడానికి కూడా జనం జంకుతున్నారు. కోటేశ్వర్ లారీ ఎక్కుతూ, "గేటు తీయొద్దు. ఎవురన్నా ఏమన్నా అడిగితే అమ్మను పిలువు," అని చెప్పి పోయాడు. వాళ్ళది ఏ పక్షమూ కాని ఇల్లు. రాయి తోలేవాడికి అందరూ కావాలి.

ఆమె ఇవన్నీ చూస్తూనే ఉంది, భయపడుతూనే ఉంది. అయితే ఆ గొడవకూ తన జెండాకూ ముడి పడుతుందని ఆమెకు తోచలేదు. అది వేరే దేశానిది కదా.

పన్నెండో తేదీ పొద్దున్నే వెంకమ్మ పాలకు వెళ్ళగానే తల్లీకూతుళ్ళు డాబా ఎక్కారు. పిట్టగోడకున్న ఇనప పైపుకు జెండా కట్టారు. ఆమె కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని వాళ్ళ జాతీయగీతం సన్నగా పాడింది. సుష్మిత కూడా చెయ్యి పెట్టుకుని నిలబడింది. గాలికి జెండా విప్పారితే పిల్ల మొహం వెలిగింది. ఆమె వీడియో తీసి వాళ్ళ అమ్మకు పంపింది. ఆ అరగంటా ఆమెకు ఏ భయమూ గుర్తు రాలేదు.

కొత్త ప్రభుత్వం ప్రమాణస్వీకారం కూడా ఆ రోజే పడింది. ఊళ్ళో టీవీలన్నీ గట్టిగా మోగుతున్నాయి. ఒక బైకు ఇంటి ముందు నుంచి పోతూ నెమ్మదించింది. వెనక్కి తిరిగి వెళ్ళింది. కాసేపటికి మూడు బైకులు వచ్చాయి.

"ఇంకా బుద్ధి రాలేదా మీకు? ఓడిపోయినా నీలం జెండా ఎగరేస్తున్నారే!" అని ఒక కుర్రాడు కింది నుంచి అరిచాడు.

కుళాయి దగ్గర బిందె పట్టుకుంటున్న వెంకమ్మ తలెత్తి చూసింది. ఉతికి ఆరేసిన గుడ్డ అనుకుంది అప్పటిదాకా. "జెండా ఏందిరా, యాడ?" అంటుండగానే, ఓడిన పక్షం వీధిలో ఉండే ఆటో అతను బండి ఆపాడు. "వెంకమ్మక్కా, ఆ పసుపు సూర్యుడేంది? మీరు గూడా అటు మారిపోయారా? చెప్పనన్నా చెప్పలేదే!"

బైకుల వాళ్ళకు నీలం కనపడింది. ఆటో అతనికి పసుపు కనపడింది. వాళ్ళూ అతనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

వెంకమ్మ బిందె వదిలేసి ఇంట్లోకి పరిగెత్తింది. "ఏమే విమలా! డాబా మీద కట్టిందేంది?"

"మా దేశం జెండా అత్తమ్మా. ఈరోజు మా స్వాతంత్ర్యం వచ్చిన రోజు."

"మీ స్వాతంత్ర్యం సల్లగుండ, ఈ పొద్దే రావాల్నా తల్లీ అది! బయట చూడు, ఎంతమంది ఉన్నారో."

ఆమె కిటికీలోంచి చూసింది. పదిమందికి పైగానే ఉన్నారు. ఒకడు ఫోను ఎత్తి పట్టుకుని డాబాను వీడియో తీస్తున్నాడు. కోటేశ్వర్‌కు ఫోను చేసింది. కవరేజ్ లేదని వచ్చింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే.

ఈలోగా ఆదినారాయణ వచ్చాడు. కోటేశ్వర్‌కు వరసకు బాబాయి, గెలిచిన పక్షానికి ఊళ్ళో పెద్దమనిషి. టీవీ ముందు నుంచి లేచి వచ్చిన చిరాకు మొహంలో ఉన్నా, గేటు బయట కుర్రాళ్ళను ఆగమని చెప్పి తను ఒక్కడే లోపలికి వచ్చాడు.

"అమ్మాయ్, అది మీ దేశపు జెండా అని నాకు అర్థమైంది. నాకు అర్థమైతే చాలదు గదా. పొద్దుగూకేలోపు వీళ్ళు తాగుతారు. తాగినోడికి ఫిలిప్పీన్స్ ఏం తెలుసు?"

"సాయంత్రం దించేస్తాను మామయ్యా. సూర్యుడు అస్తమించేదాకా..."

"సాయంత్రం దాకా నేను కాపలా ఉండలేను." అతను డాబా మెట్లు ఎక్కుతూ ఆలోచించాడు. పైకి వెళ్ళి జెండాను చూసి, అతనికేదో తోచి మొహం తేటపడింది. "ఒక పని చేద్దాం. దించక్కర్లేదు. తలకిందులుగా కడదాం. ఎర్రది పైకొస్తే కమ్యూనిస్టులది అనుకుంటారు. వాళ్ళ జోలికి మన ఊళ్ళో ఎవురూ పోరు." అంటూనే ముడి మీద చెయ్యి వేశాడు.

ఆమె గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

వెనకే మెట్లెక్కి వచ్చిన వెంకమ్మ నిలువునా ఆగిపోయింది. మామ వరస మనిషి చెయ్యి కోడలు పట్టుకోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. ఆదినారాయణ కూడా బిత్తరపోయాడు. ఆమెకు తను ఏం చేసిందో అప్పుడు తెలిసింది. అయినా వదల్లేదు.

"వద్దు మామయ్యా. అలా కట్టకూడదు. నీలం పైన ఉంటే శాంతి. ఎరుపు పైకి వస్తే యుద్ధం అని అర్థం. మా దేశంలో అది చట్టం."

"యుద్ధమా? ఎవురి మీద?"

"ఎవరి మీదైనా."

ఆదినారాయణ ముడి మీద నుంచి చెయ్యి తీసేశాడు. ఆమె కూడా వదిలేసింది. కింద ఎవడో విజిల్ వేశాడు. గొడవ కాకుండా చూద్దామని తను చెప్పిన ఉపాయం యుద్ధమైపోయిందని ఆయనకు తలకెక్కడానికి కాస్త టైము పట్టింది. "అట్టయితే నువ్వే చెప్పమ్మాయ్, ఏం చేద్దాం," అన్నాడు. ఆ గొంతులో ఇప్పుడు చిరాకు లేదు.

ఆమె చెప్పేలోపే పికెట్ దగ్గరి కానిస్టేబుల్ మౌలాలీ లాఠీ చంకలో పెట్టుకుని పైకి వచ్చాడు. ఖాకీ చొక్కా చూడగానే ఆమె పిట్టగోడ పట్టుకుంది. సుష్మిత వచ్చి తల్లి నడుము పట్టుకుంది.

"ఏ దేశం జెండా అమ్మా ఇది? చైనాదా?"

"కాదు సార్. ఫిలిప్పీన్స్."

మౌలాలీ ఫోను తీసి జెండాను ఫోటో తీశాడు. "ఎస్సై గారికి పంపాలమ్మా. కింద వీడియో తీసినోడు ఈపాటికి నాలుగు గ్రూపుల్లో పెట్టేసుంటాడు. నేను పంపకపోతే నాకు మాటొస్తది." ఆమె మొహం చూసి, "ఏం కాదులే," అన్నాడు గానీ ఆ మాట గట్టిగా అనలేదు.

ఆ ఫోటో ఎక్కడికి పోతుంది, ఎవరు చూస్తారు, వీసా చూసేవాళ్ళకు తెలుస్తుందా? సెప్టెంబరులో మళ్ళీ పొడిగించుకోవాలి. వెళ్ళిపొమ్మంటే? పిల్ల ఇండియా పిల్ల, ఇక్కడే ఉంటుంది. తను ఒక్కతే విమానం ఎక్కాలి. ఒక్క క్షణంలో ఇన్నీ ఆమె కళ్ళ ముందు తిరిగాయి.

"దించేస్తాను సార్," అంది. "నేనే దించుతాను. ఎవరూ ముట్టుకోవద్దు."

కూతురికి ఒక అంచు ఇచ్చింది. "నేలకు తగలకుండా పట్టుకో." ముడి బిగుసుకుపోయి ఒక పట్టాన రాలేదు. పొద్దున పాడిన పాట మొదలుపెట్టబోయింది, కింద మళ్ళీ బైకు స్టార్ట్ చేసిన చప్పుడుకు మానేసింది. పాట లేకుండానే దించింది. మౌలాలీ అలవాటు కొద్దీ కాళ్ళు దగ్గరకు చేర్చి నిటారుగా నిలబడ్డాడు. అలా నిలబడ్డానని అతనికి తెలిసినట్టు లేదు. ఆదినారాయణ పిట్టగోడ మీద నుంచి వంగి, "అయిపోయింది, పొండిరా ఇంక," అని అరిచాడు.

వాళ్ళు పోయారు. మధ్యాహ్నం నుంచి ఇంట్లో ముగ్గురే. వెంకమ్మ అన్నం పెట్టినా ఎవరూ సరిగ్గా తినలేదు. ఆమె ఫోను చేతిలోంచి కింద పెట్టలేదు. మోగితే స్టేషన్ నుంచేమోనని గుండె జారేది, మోగకపోతే ఏం జరుగుతుందో తెలియక ఇంకా భయం వేసేది. మడత పెట్టిన జెండాను బీరువాలో చీరల కింద పెట్టింది. అక్కడ నుంచి తీసి బియ్యం డబ్బా వెనక పెట్టింది. అక్కడా నచ్చక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

వెంకమ్మ ఊరుకోలేకపోయింది. "నాతో ఒక్క మాట అనకూడదా? ఈ ఊరి గొడవలు నీకు తెలవవా? ఆదినారాయణ చెయ్యి పట్టుకుంటివి, ఊరంతా ఏమనుకోవాల?"

"తప్పే అత్తమ్మా."

"తప్పని తెలిసీ ఎందుకు పట్టుకున్నావు మరి?"

"తిప్పి కడితే ఇంకా పెద్ద తప్పు."

వెంకమ్మ ఆమె ఒళ్ళో ఉన్న జెండా వైపు చూసింది. తర్వాత ఉన్నట్టుండి అడిగింది. "నిజంగా యుద్ధమొస్తే తిప్పుతారా అట్టా?"

"తిప్పుతారు."

"ముందే చెప్తారన్నమాట. మీవాళ్ళే నయం. మా ఊళ్ళో రాయి వచ్చి తగిలిందాకా తెలవదు."

పొద్దు వాలుతుండగా జీపు చప్పుడైంది. వీధి మొదట్లో ఆగింది, మళ్ళీ కదిలింది, వాళ్ళ గేటు ముందు ఆగింది. ఆమె లేచి నిలబడింది గానీ అడుగు ముందుకు పడలేదు. ముందు మౌలాలీ దిగాడు. ఎస్సై దిగలేదు, జీపులోంచే తల వంచి చూశాడు. వెంకమ్మ కోడలి చెయ్యి పట్టుకుని గేటు దాకా తీసుకెళ్ళింది.

"మీరేనా అమ్మా? జెండా తీసేశారా?"

"తీసేశాను సార్."

"మంచిది. మీ జెండా మీద నాకేం కోపం లేదు. ఈ నెలంతా ఊళ్ళో ఏ జెండా ఉన్నా నాకు పని పెరుగుతుంది. పిల్లకు చూపించాలంటే ఇంట్లో గోడకు పెట్టుకోండి." ఒక క్షణం ఆగి, "ఎవరైనా వచ్చి ఏమైనా అన్నారా?" అని అడిగాడు.

ఎవరెవరు ఏమన్నారో ఆమెకు మొహాలతో సహా గుర్తుంది. "లేదు సార్. ఎవరూ ఏమీ అనలేదు," అంది.

జీపు వెళ్ళిపోయింది. గేటు పట్టుకుని అక్కడే కూలబడి ఆమె అప్పుడు ఏడ్చింది. వెంకమ్మ పక్కన కూర్చుంది.

కోటేశ్వర్ రెండు రోజుల తర్వాత వచ్చాడు. వీడియో అతనికి కృష్ణగిరి దగ్గర ధాబాలో ఎవరో చూపించారట. అక్కడ నుంచి తిండి లేకుండా తోలుకొచ్చాడు. "నాకు చెప్పొచ్చు గదా," అన్నాడు.

"చెప్తే వద్దంటావు."

"అంటాను. ఏమన్నా అయితే నీ గురించి యాడికి పోయి అడగాల్నో గూడా నాకు తెలవదు." ఆమె అతని మీద కోపం తెచ్చుకుందామనుకుంది గానీ చేతకాలేదు. తను ఎంత భయపడిందో అతనూ అంతే భయపడ్డాడని ఆ రాకతోనే తెలిసింది. అయినా ఆ మాట దగ్గర ఇద్దరూ రాజీ పడలేదు. భద్రంగా ఉండాలంటే కనపడకుండా ఉండాలని అతను, కనపడకుండా ఎన్నేళ్ళు ఉండాలని ఆమె. ఆ వాదన ఇప్పటికీ అప్పుడప్పుడూ వాళ్ళింట్లో వినపడుతుంది.

సెప్టెంబరులో విచారణకు వచ్చింది మౌలాలీయే. కుర్చీలో కూర్చుని, అడగాల్సినవి అడిగి, టీ తాగాడు. జెండా ఊసెత్తలేదు. వీసా పొడిగింపు వచ్చింది. అది వచ్చినరోజు కూడా ఆమె నిశ్చింతగా ఉండలేకపోయింది. ఎవరో ఎక్కడో ఆ ఫోటో దాచి ఉంచారని ఆమె మనసులో ఒక మూల అనుకుంటూనే ఉంది.

మరుసటి ఏడు జూన్ పన్నెండున ఊళ్ళో ఏ గొడవా లేదు. కోటేశ్వర్ ఇంట్లోనే ఉన్నాడు. నిచ్చెన వేసి తనే ముందు గది గోడకు జెండా బిగించాడు. ఆదినారాయణ భార్యను వెంటబెట్టుకుని చూడటానికి వచ్చాడు. ఆ సూర్యుడికి కిరణాలు ఎనిమిదే ఎందుకని అడిగితే ఆమె చెప్పింది. పరాయి పాలన మీద మొదట తిరగబడిన ఎనిమిది జిల్లాలవి అవి. "అప్పుడు మీ జిల్లా ఉందా అందులో?" అన్నాడాయన. లేదంది. "మరెందుకంత పట్టుదల!" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే బయట బైకు చప్పుడు వినిపిస్తే కిటికీ వైపు చూసింది.

వాళ్ళు వెళ్ళాక సుష్మిత, "అమ్మా, వచ్చే ఏడు డాబా మీద కడదామా? ఇక్కడ గాలి లేదు గదా, ఎగరట్లేదు," అంది.

"చూద్దాంలే," అంది తల్లి. ఆ సాయంత్రమే కోటేశ్వర్ పక్కన కూర్చుని, పంచాయతీ ఎన్నికలు ఏ నెలలో పెడతారో ఎవరినైనా కనుక్కోమని చెప్పింది.